స్పానియల్ చెవులు తడిగా వదలొద్దు
మా కాకర్ స్పానియల్ కుక్క కాలవ కనిపిస్తే ఆగదు. కోనసీమలో ఇంటి వెనకే కాలవ, ఇక చెప్పేదేముంది! ఈదనివ్వండి, కానీ గట్టెక్కగానే ముందు చెవులు చూడండి. వేలాడే చెవి కింద గాలి ఆడదు, తడి నిలిచి ఇన్ఫెక్షన్ వస్తుంది. చెవి పైకి మడిచి, పాత పంచె ముక్కతో మెత్తగా అద్దండి. ఇయర్ బడ్ మాత్రం లోపలికి దూర్చకండి. వాసన వచ్చినా, అదే పనిగా తల విదిలిస్తున్నా ఆ రోజే పశువుల డాక్టరుకి చూపించండి. నేను ఒకసారి రెండు రోజులు ఆలస్యం చేశాను. పాపం, చెవి ముట్టుకుంటే మూలిగేది.

ఇది పొదల్లోంచి పిట్టల్ని లేపే వేట జాతి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వల్ల ఆ వేట కుదరదు. అందుకే కొబ్బరి చెట్ల మొదళ్ల దగ్గర బంతి దాచి వెతికిస్తాను. పది నిమిషాలు ముక్కుకి పని చెబితే చాలు, అరుగు మీద హాయిగా పడుకుంటుంది.