పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ కొనే ముందు చూసుకోవాల్సినవి

నెమ్మదికి కారణం డిస్కేనా అన్నది ముందు తేల్చుకోండి. విండోస్‌లో ఏది ఎంత వాడుకుంటోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని, ఓ పావుగంట మామూలుగా పని చేసుకుంటూ గమనించండి. డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే ఉండిపోతుంటే ఎస్‌ఎస్‌డీతో (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే వేగమైన డ్రైవ్‌తో) యంత్రానికి ప్రాణం లేచొస్తుంది. కానీ ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) నిండిపోయినా డిస్క్ అలాగే కొట్టుకుంటుంది. 2 జీబీతో నెట్టుకొస్తున్న యంత్రానికి ముందు ర్యామే పెంచాలి. ఈ తేడా చూడక డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

- సాటా పోర్టు (డిస్క్‌ను కలిపే సన్నని కేబుల్ రకం కనెక్షన్) ఉంటే 2.5 అంగుళాల డ్రైవ్ చాలు. పాత సాటా 2 సెకనుకు 3 గిగాబిట్లే ఇస్తుంది, అయినా వెనకాడకండి. రోజువారీ పనిలో హుషారు వచ్చేది చిన్న ఫైళ్లు చప్పున దొరకడం వల్లే.
- ఎం.2 స్లాట్ (చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే చోటు) ఉంటే అది సాటాదా, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ పద్ధతిదా అన్నది మాన్యువల్లో చూడండి.
- సాటాకు ముందుతరం కనెక్షనైన ఐడీఈ వెడల్పాటి కేబుల్ కనిపిస్తే ఎస్‌ఎస్‌డీ ఆలోచన మానుకోండి.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి యంత్రం సరిపోకపోతే, విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ లినక్స్‌కు మారడానికి మీరు సిద్ధమేనా?

బ్యాకప్ తీయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే క్లోనింగ్ (పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానికి నకలు తీయడం) జోలికి పోకుండా ముందు ఫొటోలు, పత్రాలు బయటికి తీయండి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

విప్పే ముందు చార్జర్, బ్యాటరీ రెండూ విడదీయండి. పాత డిస్క్‌ను నెలరోజులైనా చెరపకుండా దాచండి.