ఇంట్లో మిగ్ వెల్డింగ్ – నాలుగో పాఠం: తీగ తడబడితే ఎక్కడ వెతకాలి

మిగ్ వెల్డింగ్ అంటే మెషిన్ తోసే తీగ టార్చ్ కొసన కరిగి ఇనుమును అతికే పద్ధతి. గత పాఠంలో పోలారిటీ, అంటే టార్చ్ ప్లస్‌కు కలపాలా మైనస్‌కా అన్నది చూశాం. గ్యాస్‌తో వాడే గట్టి తీగకు టార్చ్ ప్లస్‌లో ఉండాలి, గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ తీగకు (లోపల పొడి నింపిన తీగ) మైనస్‌లో. అది తిరగబడి ఉంటే ఈ పాఠంలో చెప్పేవన్నీ చేసినా ఫలితం ఉండదు. ముందు మెషిన్ మూత తీసి ఒకసారి చూసుకుని రండి.

ఈసారి పని కేజ్ వీల్, అంటే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు వేసే ఇనుప చక్రం. సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు నాట్లు మొదలయ్యాయంటే దమ్ములో తిరిగి తిరిగి ఈ చక్రాల అడ్డపట్టీలు ఊడిపోతుంటాయి. షాపుకు తీసుకెళ్తే అక్కడ అప్పటికే నాలుగు ట్రాక్టర్లు వరుసలో ఉంటాయి. పట్టీ మందంగా ఉంటుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకు ఇది మంచి పని, తొందరగా చిల్లు పడదు. చక్రాన్ని ట్రాక్టర్ నుంచి విప్పి కింద పెట్టే చేయండి. విప్పడం కుదరకపోతే బ్యాటరీ తీగలు తీసేసి, ఎర్త్ క్లాంప్‌ను (కరెంటు మెషిన్‌కు తిరిగి వెళ్లే తీగ పట్టు) అతుకు పక్కనే పెట్టండి. క్లాంప్ ఎక్కడో దూరంగా ఉంటే కరెంటు బేరింగ్ గుండా దారి చూసుకుంటుంది, బేరింగ్ పాడవుతుంది.

ట్రిగ్గర్ నొక్కారు. సక్రమంగా ఉంటే నూనెలో బజ్జీలు వేగుతున్నట్టు ఒకే తీరుగా చిటపటమనాలి. అలా కాకుండా టప్ టప్ అని ఆగి ఆగి మండుతోందనుకోండి. చాలామంది చేయి వెంటనే వోల్టేజ్ నాబ్ మీదికి వెళ్తుంది. నన్నడిగితే ఆ నాబ్ ముట్టుకోవడం అన్నిటికంటే చివరి పని. ముందు తీగ నడిచే దారి చూడాలి.

మెషిన్‌లోని తీగ చుట్ట దగ్గర మొదలుపెట్టండి. ట్రిగ్గర్ వదలగానే చుట్ట ఆగాలి. ఇంకా తిరుగుతుంటే బ్రేక్ వదులైంది, తీగ జారి చిక్కుపడుతుంది. మరీ బిగిస్తే మోటార్ ఈడ్చుకుంటూ లాగుతుంది. తర్వాత తీగను ముందుకు తోసే రోలర్. దాని గాడి పక్కన 0.6, 0.8, 1.0 అని తీగ మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. మీ తీగ 0.8 అయితే 0.8 గాడే తీగ కిందికి రావాలి. ఫ్లక్స్ తీగ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి దానికి పళ్ల గాడి రోలర్ వాడి, బిగింపు తగ్గించాలి, లేకపోతే తీగ నలిగిపోతుంది.

రోలర్ బిగింపు సరిపోయిందో లేదో ఇలా తెలుసుకోవచ్చు. ఎర్త్ క్లాంప్ దేనికీ తగలకుండా పక్కన పెట్టండి. చేతికి గ్లౌజు వేసుకుని, టార్చ్ మూతిని ఒక చెక్కకు రెండంగుళాల దూరంలో ఏటవాలుగా పట్టి ట్రిగ్గర్ నొక్కండి. తీగ చెక్కకు తగిలి ఒంగి, చుట్టలు తిరుగుతూ బయటికి వస్తూనే ఉండాలి. తగలగానే ఆగి రోలర్ జారితే కొంచెం బిగించండి. బిగించే కొద్దీ మంచిదనుకుంటే మాత్రం పొరపాటే. టార్చ్ కొసన తీగ బయటికి వచ్చే టిప్ మూసుకుపోయిన రోజున రోలర్ ఆగకుండా తోసేస్తుంది, తీగంతా మెషిన్ లోపలే గూడు కట్టుకుంటుంది. అప్పుడు కత్తిరించి తీయడం తప్ప దారి లేదు.

రోలర్ బాగుంటే టిప్ విప్పి చూడండి. రాగి టిప్ రంధ్రం గుండ్రంగా ఉండాలి. ఒక పక్కకు అరిగి కోలగా మారితే తీగకు కరెంటు సరిగా అందదు, మంట ఊగుతుంది. చవకైన వస్తువు, కొత్తది వేయండి, రుద్ది సరిచేసే పని పెట్టుకోకండి. తీగ కరిగి టిప్‌కే అతుక్కుపోతుంటే మూతి లోహానికి మరీ దగ్గరగా పెడుతున్నారు, లేదా తీగ వేగం తక్కువైంది. టిప్ నుంచి లోహానికి పది మిల్లీమీటర్ల దూరం అలవాటు చేసుకోండి. ఇక లైనర్, అంటే టార్చ్ కేబుల్ లోపల తీగ నడిచే గొట్టం. మన ఎర్రమట్టి దుమ్ము, తీగ మీద రాలే రాగిపొడి కలిసి లోపల పేరుకుంటాయి. చుట్ట మార్చినప్పుడల్లా టిప్ తీసి, కంప్రెసర్ గాలి కొట్టండి. పని చేసేటప్పుడు టార్చ్ కేబుల్‌ను మెలికలు లేకుండా పరచండి. సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

తీగ సాఫీగా వస్తున్నా మంట కుదరడం లేదంటే ఎర్త్ చూడండి. కేజ్ వీల్ మీద ఎండిన బురద, దాని కింద తుప్పు, దాని కింద పెయింటు ఉంటాయి. క్లాంప్ పెట్టే చోట, అతుకు వేసే చోట గ్రైండర్‌తో తెల్లని ఇనుము కనిపించేదాకా తీయాలి. అతుకు చోట తీయకపోతే వెల్డింగ్ గీత నిండా సూదిచిల్లులు వస్తాయి. శుభ్రం చేసినా చిల్లులు వస్తున్నాయంటే అతుకును కాపాడే గ్యాస్‌ను గాలి ఎగరగొడుతోంది. గ్యాస్ నిమిషానికి పది, పన్నెండు లీటర్లు చాలు. ఎండాకాలం పాలమూరు గాలికి లీటర్లు పెంచడం కంటే ఒక రేకు అడ్డం పెట్టడం మేలు.

పొద్దున బాగా పట్టిన సెట్టింగ్ మధ్యాహ్నం పట్టకపోతే పొలాల్లో బోరు మోటార్లు నడిచి లైన్‌లో వోల్టేజ్ పడిపోయి ఉంటుంది. మీటర్ పెట్టి చూడండి, అదీ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, ఒకరు వెల్డింగ్ చేస్తుండగా మరొకరు చూడాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టగానే ఉంచి వాడితే వైరు వేడెక్కుతుంది, వోల్టేజ్ ఇంకా పడుతుంది. పూర్తిగా విప్పండి, వీలైతే మందపాటి వైరు తీసుకోండి.

బోరు దగ్గరి జీఐ పైపు అతికేవారికి ఒక మాట. ఆ తెల్లపూత జింక్. దాని పొగ పీల్చితే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. పాలు తాగితే పోతుందని షాపుల్లో చెబుతారు, పోదు. పూత గీకేసి, గాలి తగిలే చోట, పొగకు ఎదురు కాకుండా నిలబడి చేయండి.

అభ్యాసం: ఐదు మిల్లీమీటర్ల పాత పట్టీ ముక్కలు రెండు తీసుకుని, అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసి అతకండి. తర్వాత వైస్‌లో బిగించి సుత్తితో వంచండి. గీత మధ్యలో విరిగితే లోపల ఏం కనిపించిందో, చిల్లులా, కరగని అంచా, రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో రేకు గేటు పని మొదలుపెట్టే ముందు ఆ ముక్కలే చేతిలోకి తీసుకుందాం.