గుట్టెక్కుదాం - 4వ పాఠం: ముసురు పట్టినప్పుడు ఏ దారి?

కిందటి పాఠంలో రెండో పిచ్ (ఒక విడతలో తాడుతో ఎక్కే దూరం) మొదట్లో నిలబడి తాడు చిక్కుపడకుండా ఎలా సర్దుకోవాలో చూశాం. ఈసారి తాడుతో పెద్దగా పని లేదు, కళ్ళతోనే పని. మొన్న ఆదివారం నాతో వచ్చిన ఇద్దరు పిల్లలు అడిగారు: "మృగశిర కార్తె వచ్చేసింది సార్, ఇక షూస్ దసరాకే బయటికి తీయాలా?"

అక్కర్లేదు. మన నల్లగొండ, పాలమూరు వైపు వాన రోజూ కురవదు. రెండు రోజులు ముసురు పడితే నాలుగు రోజులు ఎండ కాస్తుంది. ఆ నాలుగు రోజుల్లో ఏ దారి ఎక్కవచ్చు, ఎక్కుతుండగా మధ్యలో వాన పట్టుకున్నా ఏ దారి మనల్ని క్షేమంగా దించుతుంది అన్నదే ఈ పాఠం.

ముందు 'సులువు' అనే మాట సంగతి తేల్చుకుందాం. బండ మీద సులువు రెండు రకాలు. చేతికి మంచి పట్టు, కాలికి మెట్టులాంటి గట్టు దొరికితే అది పట్టు వల్ల వచ్చిన సులువు. పట్టేమీ లేకపోయినా బండ వాలుగా ఉండి షూ రబ్బరు రాపిడితోనే నడిచిపోగలిగితే అది వాలు వల్ల వచ్చిన సులువు. ఎండలో రెండూ ఒకటే. తడిస్తే మాత్రం మొదటిది కాస్త కష్టమవుతుంది, రెండోది ఉన్నట్టుండి దారే కాకుండా పోతుంది.

బ్రిటన్‌లో వానలోనూ ఎక్కే అలవాటు చాలా పాతది. అక్కడి గ్రేడుల్లో (దారి ఎంత కష్టమో చెప్పే మెట్లలో) 'డిఫికల్ట్', 'వెరీ డిఫికల్ట్' అంటే నిజానికి సులువైన దారులే. పేర్లు చూసి భయపడకండి, వందేళ్ళ క్రితం పెట్టినవి. అక్కడ ఆ గ్రేడు దారుల్లో చాలావాటిలో చేతికి గట్టి పట్టు దొరుకుతుంది, కాబట్టి తడిలోనూ ఎలాగోలా గట్టెక్కుతారు. వాళ్ళ పుస్తకం చదివి, "సులువు గ్రేడే కదా, తడిసినా పర్లేదు" అని మన గుట్ట మీదికి వెళ్తే కథ మారిపోతుంది. మనవి నున్నటి గ్రానైటు పరుపుబండలు. ఇక్కడి సులువు ఎక్కువగా వాలు సులువే. 2014లో ఎవరెస్ట్ ఎక్కకముందు మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్న భువనగిరి గుట్టనే చూడండి. ఊరి మీద బోర్లించిన ఏకశిల అది. ఎండాకాలం పొద్దున పూట చాలాచోట్ల చేతులు ఆనించకుండా నడవవచ్చు. అదే చోట చిరుజల్లు పడితే, నిలబడ్డ చోటినుంచి అడుగు తీయాలంటే టెన్షన్.

ఇక బండ దగ్గరికి వెళ్ళి చూద్దాం. వంగి, ముఖం అడుగు దూరంలో పెట్టండి. తెల్లగానో లేత గులాబీ రంగులోనో గరుకు పలుకులు కనిపిస్తాయి, వేలితో రుద్దితే ఉప్పుకాగితంలా తగులుతాయి. ఇది తడిసినా కొంత పట్టు ఇస్తుంది. పక్కనే పైనుంచి కిందికి ఎవరో తారు ఒలకబోసినట్టు నల్లటి చార ఉంటుంది. అది నీళ్ళ దారి. నీళ్ళు పారే చోటే పెరిగే నాచుపొర ఎండి నల్లబడితే ఆ రంగు వస్తుంది. ఎండలో దాని మీద కాలు నిలుస్తుంది, తడిస్తే సబ్బే. మీరు ఎంచుకునే దారి నల్లచారను ఒక్కసారి అడ్డంగా దాటినా, ఆ ఒక్క అడుగు కోసం మొత్తం దారిని వదులుకోండి.

చార పైకి చూపు పోనిస్తే చాలాసార్లు గుట్ట నెత్తిన ఒక దోనె, అంటే నీళ్ళు నిలిచే రాతి గుంట, ఉంటుంది. వాన వెలిసి మూడు రోజులైనా దోనె నుంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. చెట్ల మొదళ్ళు, మట్టి పట్టిన నెర్రెలు కూడా అంతే. కాబట్టి లోయలా లోపలికి వంగిన చోటు వద్దు. ముక్కులా బయటికి పొడుచుకొచ్చిన అంచు చూసుకోండి. దాని మీద పడ్డ నీళ్ళు రెండు పక్కలకూ జారిపోతాయి, గాలి కూడా బాగా తగులుతుంది. ఒళ్ళు ఇరికించి ఎక్కే వెడల్పాటి పగులు, అంటే చిమ్నీ, తడిసినా పనికొస్తుంది, కానీ లోపల తేళ్ళుంటాయి. చెయ్యి పెట్టేముందు టార్చి వేయండి. అంచుల మీద పలకలు లేచి ఉంటే పిడికిలితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే దాన్ని నమ్మవద్దు.

ఏ వైపు ముందు ఆరుతుంది? పాశ్చాత్య పుస్తకాలు దక్షిణం వైపు అంటాయి. అది వాళ్ళ అక్షాంశాలకు నిజం. మనం 17 డిగ్రీల దగ్గర ఉన్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీది నుంచి కాస్త ఉత్తరానికే ఉంటాడు. కాబట్టి జూన్, జూలైలలో ఉత్తరమా దక్షిణమా అని కొట్టుకోనక్కర్లేదు. పొద్దున ఎక్కాలంటే తూర్పు ముఖం చూసుకోండి, మబ్బు లేకపోతే తొమ్మిదికల్లా ఆరుతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. దేవరకొండ వైపు ఒక చిన్న గుట్ట, మూడు పిచ్‌ల దారి. మా దగ్గర ఉన్నది 50 మీటర్ల తాడు ఒక్కటే. మొదటి పిచ్ 40 మీటర్లు, పట్టు లేని పరుపుబండ. పైకి చేరి రెండోదానికి సిద్ధమవుతుండగా సన్నగా ముసురు మొదలైంది. కిందికి దిగుదామంటే, దిగాక తాడును లాగి తీసుకోవాలి కాబట్టి రెండు మడతలు వేయాలి, అప్పుడు 25 మీటర్లే వస్తుంది. ఇంకో 15 మీటర్లు గాలిలో దిగలేం కదా! మధ్యలో ఆగేందుకు చెట్టూ లేదు, బండకు కొట్టిన బోల్టూ లేదు. ఒక రాయి చాటున ఇద్దరం మోకాళ్ళు ముడుచుకుని రెండు గంటలు కూర్చున్నాం. గాలి తోలింది, బండ ఆరింది, బతికిపోయాం. ఆ దారిని వానాకాలానికి ఎంచుకోవడంలోనే తప్పుంది.

అప్పటినుంచి నా లెక్క ఇదీ: ప్రతి పిచ్ నా తాడులో సగానికి లోపే ఉండాలి. 60 మీటర్ల తాడైతే 30 కాదు, 25 అనుకుంటాను. తాడు కొసలు ముడివేయడానికి, లంగరు (తాడు కట్టే గట్టి ఆధారం) దూరానికి కొంత పోతుంది. ప్రతి పిచ్ చివర దిగడానికి గట్టి లంగరు ఉండాలి. పక్కకు నడిచి బయటపడే గట్టు ఉంటే ఇంకా మేలు. పొడిలో మీరు హాయిగా ఎక్కే గ్రేడు కంటే రెండు మెట్లు కిందిది తీసుకోండి. తడిసిన నైలాన్ తాడు బరువెక్కుతుంది, బలమూ కొంత తగ్గుతుంది, ఎక్కేవాళ్ళ తాడును పట్టి ఉంచే బిలే పరికరంలోంచి పొడిగా ఉన్నప్పటిలా కదలదు.

పిడుగుల విషయంలో మాత్రం లెక్కలు వద్దు, బేరం వద్దు. మెరుపు తర్వాత 30 సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. మీరున్నది మైదానం మధ్య ఒంటరి గుట్ట నెత్తిన. ఉరుము వినిపించిందంటే దిగడం మొదలుపెట్టండి.

ఇంటిపని: మీకు దగ్గర్లోని గుట్టకు వాన పడుతుండగా ఒకసారి వెళ్ళండి. ఎక్కవద్దు, దూరం నుంచి ఫోటోలు తీయండి. వెలిసిన రెండో రోజు అదే చోట నిలబడి మళ్ళీ తీసి, ఇంకా ఏ చారలు మెరుస్తున్నాయో పోల్చండి. తర్వాత బండ మొదట్లో, మోకాలి ఎత్తు దాటకుండా, గరుకు చోట ఒకసారి, నల్లచార మీద ఒకసారి బాటిల్ నీళ్ళు పోసి కాలు ఆనించి చూడండి.

వచ్చే పాఠం తడి తాడు మీద దిగడం. ఒక్కొక్కరు 6 మిల్లీమీటర్ల తాడు మీటరున్నర తెచ్చుకోండి, పెద్ద తాడు మీద బరువు పడితే బిగుసుకునే ప్రూసిక్ ముడి నేర్చుకుందాం.