ఇంక్యుబేటర్ నిర్వహణ, 4వ పాఠం: పెట్టెలో అన్నిటికంటే చల్లని చోటు

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం ప్రకారం, సూక్ష్మజీవులను పెంచడానికి ప్రయోగశాలలో వాడే వెచ్చని పెట్టె అయిన ఇంక్యుబేటర్ లోపల తొమ్మిది చోట్ల థర్మామీటర్లు పెట్టి ఒక రాత్రంతా కొలతలు రాసుకున్నవారికి, తెర మీద 37.0 అని నిలకడగా కనిపిస్తున్నా మూలలూ అరలూ ఒకే అంకె చూపలేదని ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకోండి. ఉష్ణోగ్రతను నిలపడం ఒక పని, నీటి చుక్కలు పట్టకుండా చూడడం వేరొక పని అని చాలామంది భావిస్తారు. నా అనుభవంలో ఆ రెండూ ఒకే పని, ఎందుకంటే చుక్కలు పట్టేది ఎప్పుడూ పెట్టెలోని అతి చల్లని చోటనే.

37 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 44 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల దగ్గర అది 30 గ్రాములకే పరిమితమవుతుంది. గాలి చల్లబడుతూ ఏ ఉష్ణోగ్రత దగ్గర సంతృప్తమవుతుందో దానిని తుషార స్థానం అంటారు. 37 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత (గాలి ఇముడ్చుకోగల ఆవిరిలో నిజంగా ఉన్న వంతు) 95 శాతం ఉంటే తుషార స్థానం 36 డిగ్రీల చిల్లర. అంటే గోడ గాని, అద్దం గాని, ప్లేటు మూత గాని లోపలి గాలి కంటే ఒక్క డిగ్రీ చల్లగా ఉన్నా చాలు, దాని మీద నీరు పట్టడం మొదలవుతుంది. ఆర్ద్రత 90 శాతానికి తగ్గితే ఈ వెసులుబాటు దాదాపు రెండు డిగ్రీలకు పెరుగుతుంది. మీ కొలతల కాగితంలో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఉన్న తేడాను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి.

సూక్ష్మజీవులను పెంచే మూత గల పళ్ళెం, అంటే పెట్రీ ప్లేటు సంగతికి వద్దాం. అందులో పోసే జెల్లీ లాంటి పదార్థమే అగార్. అగార్‌లో నీరే అధికం, అది వేడిని పట్టుకొని ఉంటుంది. పైనున్న పలుచని ప్లాస్టిక్ మూత తొందరగా చల్లబడుతుంది. నియంత్రకం ఉష్ణోగ్రతను 38కి ఎక్కించి, 36కి దించి, మళ్ళీ ఎక్కిస్తూ ఉంటే, దిగిన ప్రతిసారీ మూత ముందుగా చల్లబడుతుంది, అగార్ ఇంకా వెచ్చగానే ఉండి ఆవిరిని వదులుతుంది, ఆ ఆవిరి మూతకు చుక్కలుగా అంటుకుంటుంది. అన్నం గిన్నె మూత లోపలివైపు జరిగేది ఇదే. ప్లేట్లను బోర్లించి ఉంచే ఆచారం ఇందుకే వచ్చింది: మూత అడుగున ఉంటే చుక్క అందులోనే ఆగిపోతుంది, అగార్ మీద పడి అక్కడ పెరిగిన సూక్ష్మజీవుల గుంపులను (కాలనీలను) కలిపేయదు. అయితే బోర్లించడం వల్ల చుక్క పడడం ఆగుతుంది గాని, పట్టడం ఆగదు. చుక్కలు పట్టడం తగ్గాలంటే ఊగిసలాటే తగ్గాలి.

విశాఖపట్నంలో ఈ ఊగిసలాటకు ఒక ప్రత్యేక కారణం ఉంది, పరికరంతో వచ్చే పుస్తకాలలో దాన్ని ఒక చిన్న వాక్యంతో సరిపెడతారు. శీతలీకరణ లేని మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గాని చల్లబరచలేదు. సాధారణంగా అది గది ఉష్ణోగ్రత కంటే కనీసం ఐదు డిగ్రీలు పైన పెట్టినప్పుడే సరిగా పనిచేస్తుంది. మే నెల మధ్యాహ్నం ఏ.సి. లేని గది 34 డిగ్రీలు ఉందనుకుంటే, 37కు మిగిలేది మూడు డిగ్రీలే. లోపలి ఫ్యాన్ మోటారు కూడా కొంత వేడినిస్తుంది. ఒకసారి గీత దాటిన ఉష్ణోగ్రత తిరిగి దిగడానికి వేడి బయటికి పోవాలి, ఆ దారి ఇరుకైపోయింది. ఇలాంటప్పుడు నియంత్రకాన్ని పదేపదే సరిచేయడం వృథా ప్రయాస. గదిని 26 దగ్గర ఉంచండి, పగలూ రాత్రీ అలాగే ఉంచండి. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఏ.సి. ఆపే అలవాటు కరెంటు బిల్లుకు మంచిదేమో గాని, ప్లేట్లకు కాదు.

ఏ.సి. పెట్టినంత మాత్రాన పని అయిపోదు. నేను పనిచేసిన ఒక నీటి పరీక్షల ప్రయోగశాలలో పై అరలోని ప్లేట్లు వారం తరువాత వారం తడిసిపోతూ వచ్చాయి. రబ్బరు అంచు మార్చాం, ఫ్యాన్ మార్చాం, ఫలితం లేదు. చివరికి తలుపు అద్దం మీద చెయ్యి పెట్టి చూస్తే పైభాగం చల్లగా తగిలింది. గోడ మీది ఏ.సి. గాలి నేరుగా అక్కడికే కొడుతోంది. ఇంక్యుబేటర్‌ను రెండు అడుగులు పక్కకు జరిపాం, అంతే. అప్పటినుంచి ఏ పరికరం విప్పడానికైనా ముందు దాని నాలుగు ముఖాలనూ చేతితో తడిమి చూడడం నాకు అలవాటైంది.

చల్లబరచే బి.ఓ.డి. (నీటిలోని సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచే పరీక్ష) ఇంక్యుబేటర్‌లో కథ తిరగబడుతుంది. 30 డిగ్రీలు, 75 శాతం ఆర్ద్రత ఉన్న గది గాలికి తుషార స్థానం 25 డిగ్రీలు. 20 డిగ్రీల దగ్గర నడుస్తున్న ఆ పెట్టె తలుపు తెరిచిన ప్రతిసారీ ఈ గాలి లోపలికి చొరబడి, చల్లని గోడల మీద నీరవుతుంది. తలుపు తెరిచే సమయాన్ని తగ్గించడం, నీరు పోయే గొట్టం మూసుకుపోకుండా చూడడం తప్ప దీనికి ఉపాయం లేదు. ఫ్రిజ్ నుంచి తీసిన ప్లేట్లను కూడా సంచి విప్పకుండా గది వేడికి రానిచ్చి, ఆ తరువాతే తెరవాలి. లేకపోతే ఈ ఊరి గాలి వాటిని క్షణంలో తడిపేస్తుంది.

పరీక్ష గొట్టాలను ముంచి ఉంచే 44.5 డిగ్రీల నీటి తొట్టెకు మాత్రం ఇంటి కప్పులాగా వాలుగా ఉన్న మూత వాడండి, బల్లపరుపు మూత వద్దు. అక్కడ చుక్కలను ఆపలేము, గొట్టాల మీద పడకుండా పక్కలకు జారేలా మాత్రమే చేయగలము.

కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలో కొందరు అడిగారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తరువాత నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి విద్యుత్తు లేదు, అంతటి విపత్తుకు జనరేటరే దిక్కు. గంటా రెండు గంటల కోతకైతే తలుపు తెరవకపోవడమే మేలు. కరెంటు వచ్చాక, లోపల తేమ కోసం నీటి పళ్ళెం ఉంటే దాన్ని ముందు తీసేయండి. గోడలు పూర్తిగా వేడెక్కిన తరువాత, 37 డిగ్రీలకు కాచిన స్వేదన జలంతో తిరిగి పెట్టండి. చల్లని గోడల మధ్య ఆవిరి పుట్టిస్తే అది గోడలకే పోతుంది.

ఈ వారం అభ్యాసం. ఒకే రోజు పోసిన ఆరు ఖాళీ అగార్ ప్లేట్లను, మూడు పై అరలో, మూడు కింది అరలో, బోర్లించి 24 గంటలు ఉంచండి. తీయగానే ఒక్కొక్క మూతలో చుక్కలు ఏ పక్కన గుమిగూడాయో బొమ్మ గీసి, గత వారపు ఉష్ణోగ్రతల కాగితంతో పోల్చండి. రెండూ పొసగకపోతే మీ థర్మామీటర్లను మంచుగడ్డలున్న నీటిలో పెట్టి సున్నా చూపుతున్నాయో లేదో తనిఖీ చేసి, ఆ తేడాలను తీసివేసి మళ్ళీ పోల్చండి.