బహుళజాతి సంస్థల సమాచార వ్యవస్థలు – 4వ పాఠం: ముందు పేర్లు, తర్వాతే సాఫ్ట్‌వేర్

పోయిన పాఠంలో మీకొక పని ఇచ్చాను. ఒక కంపెనీలో ఏ పనులు అన్ని దేశాల్లో ఒకేలా జరగాలి, వేటిని ఏ దేశానికి ఆ దేశానికే వదిలేయాలి అని రెండు వరుసల్లో రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. రాయనివాళ్లు కంగారుపడక్కర్లేదు, ఈ పాఠం చదివాక రాయడం ఇంకా తేలిక.

ఈసారి నెస్లే సంగతి చూద్దాం. ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని వెవేలో ఉంది. 1990ల్లో దాని అమెరికా విభాగంలో ఒక్కో బ్రాండు లెక్కలు ఒక్కో తీరున నడిచేవి. అన్నీ ఒకచోట చేర్చి చూస్తే, ఒకే సరఫరాదారుకు వెనీలా కోసం 29 రకాల ధరలు కడుతున్నారని తేలింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీ వెనీలాకు తనకు నచ్చిన కోడ్ పెట్టుకుంది. కోడ్‌లు వేరైతే అది ఒకే సరుకని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? ధరలు పక్కపక్కన పెట్టి చూసే వీలే లేకపోయింది.

సరుకులు, సరఫరాదారులు, ఖాతాదారులు – వీటి పేర్లు, కోడ్‌లు, కొలతల జాబితాను మాస్టర్ డేటా అంటారు. నా దృష్టిలో ఈ పని మొత్తానికి పునాది ఇదే. సాఫ్ట్‌వేర్ ఎంపిక మీద నెలల తరబడి మీటింగులు పెట్టి, దీన్ని చివరి వారానికి నెట్టేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మరి అన్ని దేశాలకూ ఒకే కోడ్ రుద్దాలా? అక్కర్లేదు. ఎగుమతి, దిగుమతుల్లో సరుకేదో గుర్తించడానికి కస్టమ్స్ వాళ్లు వాడే అంకెల కోడ్, అంటే హెచ్ఎస్ కోడ్ చూడండి. మొదటి 6 అంకెలు అంతర్జాతీయంగా ఒకటే. ఆ తర్వాతివి ఏ దేశానివి ఆ దేశానివి: మన దగ్గర మొత్తం 8 అంకెలు, అమెరికాలో 10. మీ కోడ్‌నూ ఇలాగే కట్టండి. సరుకేమిటో చెప్పే భాగాన్ని ఒక్కరే నిర్ణయించాలి, పన్నుకు సంబంధించిన భాగం స్థానిక శాఖ చేతిలో ఉండాలి. 2017 జులై 1న ఇక్కడ జీఎస్టీ వచ్చింది. అలాంటి రోజున మార్పు స్థానిక భాగంలోనే చేసుకునే వీలుండాలి.

నెస్లే అమెరికా 1997లో ఈ తేడాలన్నీ సరిచేయడానికి కొనుగోళ్లు, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే శాప్ సాఫ్ట్‌వేర్ పెట్టడం మొదలుపెట్టింది. పైనుంచి 2000 సంవత్సరం తేదీల సమస్య టెన్షన్: పాత ప్రోగ్రాములు ఏడాదిని చివరి రెండు అంకెలతోనే రాసుకునేవి, 2000ను 1900 అనుకునే ప్రమాదం ఉండేది. పథకం వేసిన బృందంలో రోజూ ఆ తెరల ముందు కూర్చునేవాళ్లు లేరు. తొందరలో సాఫ్ట్‌వేర్ భాగాలను ఒకదానితో ఒకటి సరిగ్గా కలపలేదు. సేల్స్ మనిషి డిస్కౌంట్ ఇస్తే, వసూళ్లు చూసేవాళ్లకు ఆ సంగతి తెలిసేది కాదు. ఖాతాదారు కట్టాల్సింది కట్టినా ఇంకా బాకీ ఉన్నట్టే కనిపించేది. 2000 జూన్‌లో పని ఆపి, పథకం మళ్లీ మొదటినుంచి వేసుకున్నారు.

ఆ ఏడాదే నెస్లే ప్రపంచమంతటికీ గ్లోబ్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. దాని లక్ష్యాలు మూడు: పని పద్ధతులు ఒకటి కావడం, డేటా ఒకటి కావడం, వ్యవస్థలు ఒకటి కావడం. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి.

ఈ వారం పని: మీ సంస్థలో ఎక్కువగా కొనే ఒక సరుకు తీసుకోండి. మూడు శాఖలకు ఫోన్ చేసి దాని పేరు, కోడ్, కొలత, ఆఖరుసారి కొన్న ధర అడిగి పట్టిక వేయండి. ఒకరు కిలోల్లో, ఇంకొకరు బస్తాల్లో చెబితే అలాగే రాసుకోండి, మీరు సరిదిద్దకండి. ఆ పట్టికతోనే 5వ పాఠం మొదలుపెడదాం.