తొలకరికి ముందు కప్పు విప్పుతున్నారా? మూలవాసం దగ్గర జాగ్రత్త

జూన్ 7, 8 తేదీలకల్లా మృగశిర కార్తె వచ్చేస్తుంది. ఈలోగా పెంకుటింటి వాసాలు మార్చేద్దామని కోనసీమలో మే నెలంతా హడావుడే. కింద కర్రంతా కోసి, గుర్తులు వేసి పెట్టుకున్నాకే పైన మొదటి పెంకు తియ్యండి. కోత తప్పిందని తెలిసేసరికి ఇల్లు ఆకాశానికి తెరుచుకుని ఉండకూడదు.

నాలుగు వాలుల ఇంట్లో చిక్కంతా మూలల్లోనే. 12 అంగుళాలకు 7 అంగుళాలు లేచే కప్పయితే మామూలు వాసం వాలు సుమారు 30 డిగ్రీలు. చాలామంది మూలవాసానికీ, అంటే రెండు వాలులు కలిసే మూల మీద పోయే వాసానికీ, అదే పెట్టేస్తారు. అది ఐమూలగా పోతుంది కదా, 12 బదులు 17 అంగుళాలు నడిచి ఆ 7 అంగుళాలే లేస్తుంది. అంటే 22 డిగ్రీల పైచిలుకు. మూలమట్టం మీద 17, 7 పట్టి గీత గీయండి, కాలిక్యులేటర్ అక్కర్లేదు.

మూలవాసానికి ఆనే పొట్టి వాసాలకు పక్క ముఖం మీద 12, 7 గీత గీసి, రంపం బ్లేడు 45 డిగ్రీలు వంచి కోయాలి. చేతిరంపమైతే పై ముఖం మీద కూడా గీత కావాలి, అక్కడ వాసం పొడవు అంచు నుంచి కొలిస్తే 45 కాదు, 41. ఆ నాలుగు డిగ్రీలే సందు. ఇంకోటి, సగం కుడివి, సగం ఎడమవి. మా ఇంటికి ఎనిమిదీ ఒకే వాటంగా కోసేశాం. నాలుగు కూర్చున్నాయి, మిగతా నాలుగూ పశువులపాక పాలయ్యాయి. అప్పట్నుంచి కోసే ముందే సుద్దతో ‘కు’, ‘ఎ’ రాస్తున్నాను.

వేడి ఆగడానికి ఇన్సులేషన్ షీట్లు వేసేవాళ్లు అంచుని కూడా 21 డిగ్రీలు ఏటవాలుగా కోయాలి. తిన్నగా కోస్తే మూల మీద షీట్ల మధ్య పైన సందు తెరుచుకుంటుంది. మండువా వైపు లోమూలల్లో అయితే కింద తెరుచుకుంటుంది, అక్కడ ఏటవాలు తిరగేసి కోయాలి.

ఈ లెక్కలన్నీ గోడల మూల సరిగ్గా 90 డిగ్రీలుండి, రెండు వాలులూ ఒకటైతేనే. పాత ఇళ్లను నమ్మకండి. ఐమూలలు రెండూ టేపుతో కొలవండి. తేడా వస్తే ప్రతి మూలకూ అట్టముక్క కోసి, పెట్టి చూసి, అప్పుడు కర్ర ముట్టండి.

తాటి వాసాలకు పైన చేవ, లోపల మెత్తన. బ్లేడు వంచి కోస్తున్నప్పుడు ఉన్నట్టుండి లోపలికి లాగేస్తుంది. కర్రను రెండు చోట్ల బిగించండి, నిచ్చెన మీద నిలబడి కోయకండి, పీచు గుచ్చుకోకుండా కళ్లద్దాలు పెట్టుకోండి. మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే రంపం ప్లగ్గు పీకేసి, ముందు టార్పాలిన్ కట్టండి.