కాక్‌పిట్‌లో చేతి జీపీఎస్ మొరాయిస్తే: ప్రైవేట్ పైలట్లకు సమస్య - పరిష్కారం

చిన్న విమానంలో వాడే చేతి జీపీఎస్ రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. ఒకటి, స్క్రీన్ ఆరిపోవడమో, సిగ్నల్ పోయిందని చెప్పడమో. అది అంత ప్రమాదం కాదు. పోయిందని మనకు తెలుస్తుంది కాబట్టి కాగితం మ్యాపు తీస్తాం, దిక్సూచి చూసుకుంటాం. రెండోది, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తూ తప్పు చూపించడం. నాకు భయం ఈ రెండోదంటేనే. అందుకే కింద దానికి ఎక్కువ చోటిచ్చాను.

ముందు ఒక్క మాట. గాల్లో ఉండగా రిపేరు పెట్టుకోకండి. 100 నాట్ల వేగంతో వెళ్తున్న విమానం, మనం తల వంచుకుని మెనూలు తిప్పే 30 సెకన్లలో కిలోమీటరున్నర దాటిపోతుంది. విమానం నడపడం ముందు, బయటికి చూడటం ముందు, పరికరం సంగతి ఆ తర్వాత. ఇక్కడ రాసినవి దాదాపు అన్నీ విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు చూసుకోవాల్సినవి.

సిగ్నల్ దొరకట్లేదు, లేదా వచ్చి పోతోంది

ఏ అనుమానం వచ్చినా మొదట తెరవాల్సింది శాటిలైట్ పేజీ. ఎన్ని ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి, ఒక్కోదాని బార్ ఎంత ఎత్తుందో అక్కడ తెలుస్తుంది. ఎత్తుతో సహా స్థానం చెప్పాలంటే కనీసం 4 ఉపగ్రహాలు కావాలి. 3 మాత్రమే ఉంటే పరికరం ఎత్తును ఊహించుకుని మిగతాది లెక్కగడుతుంది. స్క్రీన్ మీద 2డీ అని వచ్చిందంటే ఆ స్థానాన్ని అంతగా నమ్మకూడదు.

బార్లన్నీ ఖాళీగా ఉన్నాయా? చాలాకాలం వాడకుండా పక్కన పెట్టారేమో, లేదా ఆపేసి వందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లారేమో గుర్తుచేసుకోండి. ఉపగ్రహాలు తమ అన్నింటి స్థూల వివరాలను, అంటే అల్మనాక్‌ను, పూర్తిగా పంపడానికి 12.5 నిమిషాలు పడుతుంది. పాత పరికరాలు అది అందేదాకా తడుముకుంటాయి. ఆకాశం బాగా కనిపించే చోట కదపకుండా పావుగంట ఉంచండి. హ్యాంగర్‌లో రేకుల కప్పు కింద గంట ఉంచినా లాభం లేదు.

విమానం బయట పెడితే బాగా పనిచేసి, లోపల పెట్టగానే బార్లు పడిపోతే కారణం చాలాసార్లు విండ్‌షీల్డే. మంచు కరిగించడానికి కరెంటుతో వేడెక్కే అద్దాలు, లోహపు పూత ఉన్న అద్దాలు సిగ్నల్‌ను ఆపేస్తాయి. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సిగ్నల్ కిందికి చేరేసరికి ఎంతో బలహీనంగా ఉంటుంది. పూత లేని పక్క కిటికీ దగ్గరికి మార్చి చూడండి. లేదంటే బయటి యాంటెన్నా పెట్టించుకోవాలి.

కొందరు పరికరాన్నే మార్చేసుకునేది దీనివల్లే: చార్జర్. ఒకసారి నాకూ ఇదే జరిగింది. నేల మీద బార్లు నిండుగా ఉండేవి, ఎగిరిన కాసేపటికి సగానికి పడిపోయేవి. యాంటెన్నా పోయిందనుకున్నాను. ఒకరోజు పార్కింగ్‌లోనే శాటిలైట్ పేజీ తెరిచి పెట్టుకుని, లైటర్ సాకెట్‌లో ఉన్న యూఎస్‌బీ చార్జర్ తీసేశాను. రెండు మూడు సెకన్లలో బార్లు ఒక్కొక్కటిగా లేచాయి. మళ్లీ పెట్టగానే కుంగిపోయాయి. నాసిరకం చార్జర్లు లోపల వోల్టేజీ మార్చేటప్పుడు రేడియో గోల పుట్టిస్తాయి. రేడియోలో కూడా బుస్సుమనే చప్పుడు ఎక్కువైతే దాదాపు అదే కారణం. పక్కనే ఉన్న యాక్షన్ కెమెరాలు, వైఫై హాట్‌స్పాట్‌లు కూడా ఇలా చేయగలవు. ఒక్కొక్కటే ఆపుతూ బార్లు చూస్తే దొంగ దొరుకుతాడు.

మాట్లాడటానికి మైక్ నొక్కినప్పుడే సిగ్నల్ పోతుంటే ఫ్రీక్వెన్సీ గమనించండి. జీపీఎస్ వాడే ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్జ్. 121.175ను 13తో, 131.275ను 12తో గుణిస్తే దాదాపు అంతే వస్తుంది. అందుకే 121.150 నుంచి 121.200 వరకు, 131.250 నుంచి 131.300 వరకు మాట్లాడేటప్పుడు కొన్ని రేడియోలు జీపీఎస్‌ను ముంచేస్తాయి. పరికరాన్ని, దాని యాంటెన్నాను రేడియోకి, రేడియో యాంటెన్నాకి దూరంగా జరపండి. అయినా తగ్గకపోతే ఏవియానిక్స్ టెక్నీషియన్ ఫిల్టర్ పెట్టగలరు.

సిగ్నల్ నిండుగా ఉంది, కానీ చూపించే చోటు తప్పు

ఇక్కడ నిదానంగా చదవండి.

మనం చేత్తో ఎక్కించిన వేపాయింట్ (దారిలో గుర్తు పెట్టుకున్న చోటు) దగ్గరికి వెళ్తే అక్కడ ఏమీ లేదు, దిగాల్సిన స్ట్రిప్ కాస్త పక్కన కనిపిస్తోంది. ఇలాంటప్పుడు ముందు అక్షాంశ రేఖాంశాలు ఏ పద్ధతిలో రాశారో చూడాలి. డిగ్రీలు, నిమిషాలు, దశాంశంలో నిమిషాలు ఒక పద్ధతి. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఇంకొకటి. కాగితం మీద 30.50 నిమిషాలు అని ఉందనుకోండి. అంటే 30 నిమిషాల 30 సెకన్లు. దాన్ని 30 నిమిషాల 50 సెకన్లుగా ఎక్కిస్తే 20 సెకన్లు తేడా వస్తుంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. అందులో మూడో వంతు, దాదాపు 617 మీటర్లు పక్కకి పోయినట్టే. మబ్బుగా ఉన్న రోజు గడ్డి స్ట్రిప్ కనిపించకుండా పోవడానికి ఇంత చాలు. పరికరం తప్పేమీ లేదు, మనం చెప్పిన చోటికే తీసుకెళ్లింది. సెట్టింగ్స్‌లో పద్ధతి సరిచూసి, ఎక్కించిన ప్రతి పాయింట్‌నూ మ్యాప్ మీద తెరిచి చూడండి. ఇంకొకరు చదువుతుంటే మీరు సరిచూసుకోవడం మరీ మంచిది.

అన్ని పాయింట్లూ ఒకే దిక్కుకి, ఒకే దూరం జరిగినట్టుంటే కారణం డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి ఆధారంగా తీసుకునే భూమి నమూనా. విమానయానానికి డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్ వాడాలి. పాత స్థానిక డేటమ్ మీద గీసిన మ్యాపు నుంచి అంకెలు తీసుకున్నా, ఎవరైనా ట్రెక్కింగ్ కోసం సెట్టింగ్ మార్చి మళ్లీ పెట్టకపోయినా కొన్ని వందల మీటర్ల దాకా తేడా రావచ్చు.

ఇంకొకటి ఉంది, అందరూ మర్చిపోయేది: సిమ్యులేటర్ మోడ్. ఇంట్లో కూర్చుని రూటు ప్రాక్టీస్ చేయడానికి అది చాలా బాగుంటుంది. అందులోనే వదిలేస్తే మాత్రం విమానం బొమ్మ మనం గీసిన గీత మీదే, పెట్టిన వేగంతోనే చక్కగా సాగిపోతుంది. అసలు రిసీవర్ ఆగిపోయి ఉంటుంది. టాక్సీ చేసేటప్పుడు, అంటే విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు, ఒకసారి చూడండి: మీరు ఆగితే స్క్రీన్ మీద వేగం సున్నాకి రావాలి, మలుపు తిరిగితే బొమ్మ కూడా తిరగాలి. ఈ ఒక్క అలవాటు చేసుకోమని నా చుట్టూ ఉన్న అందరినీ బతిమాలుతుంటాను.

ఎత్తు ఆల్టిమీటర్‌తో కలవట్లేదు

చాలాసార్లు రెండూ సరైనవే. ఆల్టిమీటర్ గాలి పీడనం చూసి, ప్రామాణిక వాతావరణం అనుకుని ఎత్తు చెబుతుంది. జీపీఎస్ కొలిచేది జ్యామితి ఎత్తు. గాలి ప్రామాణికం కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే అసలు ఎత్తు సుమారు 4 శాతం ఎక్కువ ఉంటుంది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న చోట ఆల్టిమీటర్ సెట్ చేసుకుని 8,000 అడుగులకు ఎక్కితే, 20 డిగ్రీలు వేడిగా ఉన్న రోజు 600 అడుగులకు పైగా తేడా కనిపించవచ్చు. ఎత్తు నిలబెట్టుకోవడానికి ఎప్పుడూ ఆల్టిమీటర్‌నే అనుసరించండి, మిగతా విమానాలూ దాన్నే అనుసరిస్తాయి.

దిక్కు దిక్సూచితో కలవట్లేదు

జీపీఎస్ చూపించేది ట్రాక్, అంటే నేల మీద విమానం సాగుతున్న దారి. ముక్కు ఎటు ఉందో దానికి తెలియదు. పక్క గాలి ఉంటే ఈ రెండూ వేరుగా ఉండాల్సిందే. గాలి లేని రోజు కూడా తేడా స్థిరంగా ఉంటే సెట్టింగ్స్‌లో మాగ్నెటిక్ నార్త్ (దిక్సూచి చూపే ఉత్తరం) బదులు ట్రూ నార్త్ (భౌగోళిక ఉత్తరం) ఉందేమో చూడండి. అదీ కాకపోతే అయస్కాంతం అడుగున ఉన్న యాంటెన్నానో, పరికరాన్నో దిక్సూచి పక్కనే పెట్టారేమో చూడండి. దాన్ని చేత్తో మెల్లగా దగ్గరికి, దూరానికి జరుపుతూ దిక్సూచి కార్డు కదులుతోందేమో గమనిస్తే తేలిపోతుంది.

తేదీ దాదాపు 20 ఏళ్లు వెనక్కి పోయింది

జీపీఎస్ వారాల లెక్క 1,024 దగ్గర మళ్లీ సున్నాకి వస్తుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. తర్వాతిది 2038 నవంబర్‌లో. పాత పరికరాలు దీన్ని అర్థం చేసుకోలేక తప్పు తేదీ చూపిస్తాయి. సూర్యాస్తమయ సమయం తప్పుతుంది, డేటా గడువు లెక్క కూడా తప్పుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే మందు. తయారీదారు సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఆపేసి ఉంటే ఆ పరికరాన్ని విమానంలో ఇక వాడకండి.

ఆన్ కావట్లేదు, మధ్యలో ఆగిపోతోంది

లైటర్ ప్లగ్ కొనను తిప్పి ఊడదీయండి. చాలా ప్లగ్‌లలో చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది, లోపలి తీగ తెగిందేమో వెలుగులో చూడండి. విమానం 28 వోల్టులదైతే చార్జర్ మీద ఆ వోల్టేజీ రాసి ఉండాలి, 12 వోల్టుల కారు చార్జర్ కాలిపోతుంది. ఎండలో మూసి ఉంచిన కాక్‌పిట్‌లో లిథియం బ్యాటరీ వేడెక్కి చార్జింగ్ తీసుకోదు. నీడలో చల్లారనివ్వండి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా తీసేయండి.

స్క్రీన్ నల్లగా కనిపిస్తే ముందు కళ్లద్దాలు తీసి చూడండి. పోలరైజ్డ్ అద్దాలకు కొన్ని కోణాల్లో స్క్రీన్ పూర్తిగా మాయమవుతుంది.

పైకి వెళ్లాక మౌంటు ఊడి పడుతోంది

సక్షన్ కప్పును పట్టి ఉంచేది బయటి గాలి పీడనమే. 10,000 అడుగుల దగ్గర అది నేల మీద ఉన్నదానిలో 70 శాతమే. కప్పునూ అద్దాన్నీ నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టండి. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడకండి, యాక్రిలిక్ విండ్‌షీల్డ్ పగుళ్లిస్తుంది. కంట్రోల్స్‌కి అడ్డం పడని చోట ఒక తాడు కూడా కట్టి ఉంచండి.

గగనతలం, ఫ్రీక్వెన్సీలు పాతవి వస్తున్నాయి

విమానయాన డేటా 28 రోజులకోసారి మారుతుంది. ఆన్ చేయగానే వచ్చే గడువు హెచ్చరికను చదవకుండా ఓకే నొక్కడం మనందరికీ అలవాటైపోయింది. అడ్డంకుల డేటా, భూతలం డేటా వేరే ఫైళ్లు, వాటి గడువులు విడిగా చూసుకోవాలి.

పై వాటిలో ఏదీ కాదు

ఒకే ప్రాంతంలో, ఒకే సమయంలో చాలామందికి సిగ్నల్ పోతే అది జామింగ్ (ఎవరో కావాలని సిగ్నల్‌ను అడ్డుకోవడం) కావచ్చు. ఎగిరే ముందు నోటమ్‌లలో (పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరికల్లో) జీపీఎస్ మాట ఉందేమో వెతకండి. స్థానం ఉన్నట్టుండి ఎగిరి ఎక్కడికో దూకినా, మీరు కదులుతున్నా అది నిలిచిపోయినా ఆ స్క్రీన్‌ను పక్కన పెట్టి, కింద కనిపించే నది, రైలు పట్టాలు, ఊరు చూసి మ్యాపు మీద మీ చోటు గుర్తించండి. దాన్ని కంట్రోలర్‌కి కూడా చెప్పండి.

మీ ఒక్క పరికరానికే ఇలా ఉంటే చివరిగా పూర్తి రీసెట్ చేయాలి. వేపాయింట్లు, రూట్లు కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకున్నాకే చేయండి. తర్వాత ఆరుబయట పావుగంట ఉంచి, యూనిట్లు, డేటమ్, మాగ్నెటిక్ నార్త్ మళ్లీ పెట్టి, రన్‌వే మొదట్లో నిలబడి స్క్రీన్ మీది స్థానాన్ని ప్రచురించిన అంకెలతో పోల్చి చూడండి.